రాళ్ల మధ్య గడ్డి: సిమెంటు పోసేయాలా, మందు కొట్టాలా?

సర్జాపూర్_శారద (బెంగళూరు)

అందరికీ నమస్కారం. గేటు నుంచి వెనక కుళాయి దాకా ఇంటి పక్కగా సాదరహళ్లి బండలు పరిపించాం. బండకీ బండకీ మధ్య రెండంగుళాల సందు వదిలి కొరియన్ గడ్డి పెట్టారు. మొదట్లో ఫొటోలకి భలే ఉండేది. ఇప్పుడు ఆ కొరియన్ గడ్డి ఎక్కడుందో వెతుక్కోవాలి. గరిక, పులిచింతాకు, ఇంకేదో నిటారుగా లేచే ముదురాకుపచ్చ గడ్డి, అన్నీ కలిసిపోయాయి. వాన పడితే చాలు, వారం తిరిగేసరికి పాదం మునిగేంత పెరుగుతోంది. మాలి నెలకోసారి వచ్చి కొడవలితో పైపైన కోసి వెళ్ళిపోతాడు.

ఇంట్లో ఎవరి మాట వారిదే. మావారు సిమెంటు పోసేద్దామంటారు. పక్కింటివాళ్ళు మందు కొట్టించమంటారు. అత్తయ్యగారేమో "ఆ గరిక నా వినాయకుడిది, దాని మీద మందు పడితే ఊరుకోను" అంటున్నారు. ఆవిడ పొద్దున్నే చెప్పుల్లేకుండా ఆ దారిలోనే పూలకి వెళ్తారు, జెర్రో పామో ఉంటుందని నాకు టెన్షన్. కుళాయి దగ్గర నాలుగు కడప బండలు కూడా ఉన్నాయి, వాటి మీద పాచి. మీరైతే ఏం చేస్తారు?

హడావిడి_హరి (మారతహళ్లి)

గ్లైఫోసేట్. ఒక్క స్ప్రే, రెండు వారాల్లో మొత్తం ఎండిపోతుంది. దీనికి ఇంత చర్చ ఎందుకండీ.

మిట్టు_వాళ్ళ_అమ్మ (బెంగళూరు)

హరి గారూ, మా మిట్టు కడుపులో బాగోకపోతే ముందు వెళ్ళి తినేది ఆ సందుల్లో గడ్డే. కుక్క ఉన్న ఇంట్లో, చెప్పుల్లేకుండా నడిచే పెద్దవాళ్ళున్న ఇంట్లో ఆ మాట ఎత్తకండి.

బొరిగె_బాబాయ్ (యలహంక)

శారదమ్మా, మందా సిమెంటా అన్నది తర్వాత. మీ సందుల్లో ఉన్నది ఒక గడ్డి కాదు, మూడు నాలుగు రకాలు. ఒక్కోదాని ప్రాణం ఒక్కోచోట ఉంటుంది.

ఆ నిటారుగా లేచేదాన్ని మొదట్లో పట్టుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దొర్లించి చూడండి. గుండ్రంగా దొర్లితే మామూలు గడ్డి. మూడు అంచులు వేలికి తగిలి, దొర్లనని మొరాయిస్తే తుంగ. మీరు చెప్పిన తీరు చూస్తే తుంగే అనిపిస్తోంది.

తుంగ ప్రాణం గడ్డల్లో. పీకితే కాడ తెగి చేతికొస్తుంది, గడ్డ కిందే ఉండిపోతుంది. ఒక గడ్డ నుంచి సన్నటి వేరు పోయి ఇంకో గడ్డ, దాన్నుంచి మరోటి. ఎక్కువ భాగం అర అడుగు లోతు లోపలే ఉంటాయి.

గరిక ప్రాణం కణుపుల్లో. పైన పాకే తీగకి ప్రతి కణుపు దగ్గరా వేరు పడుతుంది, మట్టి కింద తెల్లటి తీగలు వేరే పోతాయి. మీ మాలి కొడవలితో చేసేది దానికి క్షౌరం, అంతే. ఇంకా ఒత్తుగా వస్తుంది. దానికి పడనిది ఒక్కటే, నీడ.

పులిచింతాకు, నానుబాలు, గంగపాయల, నేల ఉసిరి ఇవన్నీ విత్తనం సరుకు. పూత రాకముందు లాగేస్తే చాలు. పులిచింత కాయ ముదిరాక ముట్టుకున్నారా, చిట్లి గింజలన్నీ పక్క సందులోకి చిమ్ముతుంది. వయ్యారిభామ కనిపిస్తే మాత్రం చేతికి గ్లవ్స్ వేసుకుని పీకండి, ఆ మొక్క చాలామంది చర్మానికి పడదు.

హరి బాబూ, నీ మందు సంగతి. 2022 అక్టోబరులో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది, పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇంకెవరూ గ్లైఫోసేట్ వాడకూడదని. కొని తెచ్చి ఇంట్లో కొట్టుకునే వ్యవహారం కాదు. పోనీ వాళ్ళనే పిలిపించి కొట్టించినా, అది పచ్చటి ఆకు గుండా వేళ్ళకి దిగే మందు. తుంగలో ఆకు వేసిన గడ్డల దాకా వెళ్తుంది, నిద్రలో ఉన్న గడ్డలు తర్వాత తీరిగ్గా లేస్తాయి. మిగిలి ఉన్న ఆ కాస్త కొరియన్ గడ్డీ పోతుంది. కొట్టిన కాసేపటికి బెంగళూరు వాన పడిందనుకో, మందంతా బండల మీద నుంచి కాలవలోకి.

సివిల్_సుబ్బు (వైట్‌ఫీల్డ్)

కాలవలోకి కూడా కాకపోవచ్చు, ఇంకుడుగుంతలోకి. బెంగళూరులో 2009 నుంచి 30×40 అడుగుల సైటులో కట్టే కొత్త ఇళ్ళకి కూడా వాననీటి సేకరణ తప్పనిసరి. శారద గారూ, మీ దారి వాలు ఎటుందో చూడండి. చాలా ఇళ్ళలో ఆ పక్క దారి నీళ్ళే గుంతలోకి వెళ్తాయి. బోరు పక్కనే గుంత ఉంటే ఆ దారి మీద ఏం చల్లుతున్నామో రెండుసార్లు ఆలోచించాలి.

టెర్రస్_లలిత (హెచ్ఎస్ఆర్ లేఅవుట్)

మందు వద్దంటే వెనిగర్ ఉంది కదా! లీటరు వెనిగర్‌లో గుప్పెడు ఉప్పు, రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్. వీడియోల్లో అందరూ చూపిస్తున్నారు. మధ్యాహ్నం ఎండలో కొడితే సాయంత్రానికి ఆకు వాడిపోతుంది.

నాపరాయి (కేఆర్ పురం)

ఆగండి ఆగండి. మాది బేతంచెర్ల, రాళ్ళ వ్యాపారం. కడప రాయి సున్నపురాయి జాతి. షాబాదు, తాండూరు, మా బేతంచెర్ల బండలూ అంతే. పులుపు పడితే పొంగుతుంది, నునుపు పోతుంది. కడప బండ వంటగట్టు మీద నిమ్మచెక్క పెట్టి మర్చిపోతే తెల్లటి మచ్చ పడటం అందరూ చూసే ఉంటారు. అది మరక కాదు తల్లీ, తుడిస్తే పోవడానికి. రాయే తినేసింది.

సాదరహళ్లి అయితే గ్రానైటు. దానికి వెనిగర్ ఏమీ చేయదు. కాబట్టి శారదక్కా, కుళాయి వైపు వెనిగర్ సీసా పట్టుకుని పోవద్దు.

పెరంబూరు_కేశవ (చెన్నై)

ఉప్పు గురించి నేను చెప్తాను, మాది ఉప్పునీళ్ళతో కాపురం. ఆకు మాడటం వరకే కంటికి కనిపిస్తుంది. ఉప్పు ఎక్కడికీ పోదు, మట్టిలోనే ఉండి వానకి పక్క పాదులోకి జరుగుతుంది. కొబ్బరి చెట్టు తట్టుకుంటుంది, ఊళ్ళో కొబ్బరి మొదట్లో ఉప్పు వేయడం మనకి తెలిసిందే. మల్లె, నిమ్మ తట్టుకోవు. ఆకు అంచులు మాడటం మొదలవుతుంది, మనం నీళ్ళు చాలలేదేమో అనుకుని ఇంకా పోస్తాం. మట్టి కూడా గట్టిపడి నీరు దిగదు. కాంపౌండు గోడ మొదట్లో పెచ్చులు ఊడటం, తెల్లగా పొడి లేవడం అదనం.

ఇంకో మాట. వంటింటి వెనిగర్‌లో ఆమ్లం 4 శాతం చుట్టుపక్కలే. లేత పులిచింతాకు చస్తుంది. గరికకీ తుంగకీ ఆకు కాలుతుంది, అంతే. వారంలో మళ్ళీ హాజరు.

టెర్రస్_లలిత (హెచ్ఎస్ఆర్ లేఅవుట్)

సరే, ఉప్పు మానేస్తున్నాను 🙂 మరిగే నీళ్ళ మాటేమిటి? మా అమ్మ అన్నం వార్చిన గంజి వేడివేడిగా వాకిలి రాళ్ళ మధ్య పోసేది.

బొరిగె_బాబాయ్ (యలహంక)

లేత మొలకలకి మరిగే నీళ్ళు బ్రహ్మాండంగా పనిచేస్తాయి. గంజి వద్దు, చీమలు పడతాయి, ఆ చీమలు కింద మట్టి తవ్వి పైకి తెచ్చి పోస్తాయి, ఆ మట్టిలో మళ్ళీ విత్తనం. వట్టి నీళ్ళే చాలు. ముక్కున్న కెటిల్‌తో మొదట్లో పడేలా, పాదాలకి బూట్లు వేసుకుని పోయాలి. కానీ మన శారదమ్మ దారి మొత్తానికి నీళ్ళు కాచాలంటే గ్యాసు బండ అయిపోతుంది. వాకిట్లో నాలుగు మూరల మేరకైతే సరే. ముదిరిన గరికకి ఇది చాలదు.

హడావిడి_హరి (మారతహళ్లి)

అయితే మంట! గ్యాస్ టార్చ్ ఆన్‌లైన్లో దొరుకుతుంది. రయ్యిమని కాల్చుకుంటూ పోవడమే.

నాపరాయి (కేఆర్ పురం)

హరన్నా, నీకు రాయంటే ఎందుకంత కోపం? గ్రానైటుకి ఫ్లేమ్డ్ ఫినిష్ అని అమ్ముతాం చూడు, జారకుండా గరుకుగా ఉండేది. అది ఎలా వస్తుందనుకున్నావ్? మంట తగిలించగానే పైపొర చిటపటమని చిన్న పలుకులుగా ఎగిరిపోతుంది. ఫ్యాక్టరీలో అది పని, మీ ఇంట్లో అది నష్టం. కడప బండ పొరలు పొరలుగా ఉంటుంది, తడి మీద కాలిస్తే పెచ్చు లేచి ముఖానికి కొట్టినా కొడుతుంది. పైగా మార్చిలో ఎండుటాకుల మధ్య ఆ టార్చ్ పట్టుకుంటే ముందు ఫైరింజన్ నంబరు దగ్గర పెట్టుకో.

సర్జాపూర్_శారద (బెంగళూరు)

బాబాయ్ గారూ, దొర్లించి చూశాను. మూడు అంచులు స్పష్టంగా తగిలాయి. పాత స్క్రూడ్రైవరుతో ఒకచోట లోతుగా తవ్వితే కందిగింజ కంటే కాస్త పెద్దవి, నల్లటి తొక్కతో గడ్డలు వచ్చాయి. గోటితో గీరితే లోపల తెల్లగా ఉంది, వాసన మాత్రం చాలా బాగుంది! అత్తయ్యగారు చూసి "తుంగముస్తలే ఇవి, నలుగుపిండిలో వేసేవాళ్ళం" అన్నారు. ఇప్పుడు వాటిని కూడా పారేయనివ్వట్లేదు.

మావారు ఈ చర్చంతా చదివి "అందరూ అన్నీ వద్దంటున్నారు, చివరికి సిమెంటే గతి" అంటున్నారు. సుబ్బు గారూ, మీరు చెప్పండి.

సివిల్_సుబ్బు (వైట్‌ఫీల్డ్)

ముందు ఒక ప్రశ్న. బండల కింద ఏముంది? కాంక్రీటు బెడ్ మీద వేశారా, వట్టి మట్టి మీద ఇసుక పోసి పరిచారా? మధ్యలో గడ్డి పెట్టారంటే మట్టి మీదే అనుకుంటున్నాను.

మట్టి మీద పరిచిన బండ కదులుతుంది. కింద మట్టి వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంగుతుంది. దాని మధ్య సిమెంటు పాయింటింగు చేస్తే మొదటి వానాకాలంలోనే బండ అంచు వెంట వెంట్రుకంత చీలిక వస్తుంది. ఆ చీలికలో దుమ్ము, దుమ్ములో గరిక. అప్పుడు పీకడానికీ వీలుండదు, వేరు సిమెంటు కింద ఉంటుంది. సిమెంటే కావాలంటే బండలన్నీ లేపి, కింద కాంక్రీటు వేసి, మళ్ళీ పరవాలి. అప్పుడు నీరు ఇంకే చోటు పోతుంది, దారి నీళ్ళన్నీ గేటు దగ్గరో పునాది దగ్గరో నిలుస్తాయి. నేను సిమెంటు అమ్ముకునే వృత్తిలో ఉండి కూడా ఇక్కడ వద్దనే అంటాను.

అసలు సమస్య సందులో నింపిన సరుకు. కొరియన్ గడ్డి కోసం ఎర్రమట్టి, ఎరువు కలిపి నింపి ఉంటారు. అంటే అంత పొడవునా మీరు నర్సరీ మడి వేసి పెట్టారు, ఏ విత్తనం పడినా మొలవదా మరి? ఆ మట్టి తీసేసి, నీరు దిగేదీ వేరుకి తిండి లేనిదీ నింపాలి. నా ఓటు రాతిపొడికి. క్రషర్ దగ్గర దొరికే డస్టు. తడిపి దిమ్మిస తగిలిస్తే బిగుసుకుంటుంది. ఎం శాండ్, అంటే రాయి నలగ్గొట్టి తయారుచేసే ఇసుక, కూడా ఫర్వాలేదు, కానీ వాలు ఎక్కువుంటే కొట్టుకుపోతుంది.

లెక్క కూడా పెద్దదేం కాదు. రెండంగుళాల వెడల్పు, రెండంగుళాల లోతు చొప్పున వంద అడుగుల సందుకి మూడు ఘనపుటడుగుల లోపే పడుతుంది. నాలుగు అంగుళాల లోతు తీస్తే దానికి రెట్టింపు.

టెర్రస్_లలిత (హెచ్ఎస్ఆర్ లేఅవుట్)

పాలిమెరిక్ శాండ్ అని ఒకటుంది కదా, నీళ్ళు చల్లితే గట్టిపడేది? మా అపార్ట్‌మెంటులో వేశారు.

సివిల్_సుబ్బు (వైట్‌ఫీల్డ్)

ఉంది. బాగుంటుంది, కానీ కింద గట్టి పునాది ఉన్న సన్న సందులకి. మట్టి మీద కదిలే బండల మధ్య రెండంగుళాల సందులో పగుళ్ళిస్తుంది. పోసేటప్పుడు బండ మీద పడిన పొడి శుభ్రంగా ఊడ్చకుండా నీళ్ళు కొడితే తెల్లటి పొరలా అంటుకుపోతుంది కూడా. ధర చూశాక మీకే రాతిపొడి ముద్దొస్తుంది.

పెరంబూరు_కేశవ (చెన్నై)

బండల కింద నల్ల ప్లాస్టిక్ షీటు వేయించుకోమంటారు కొందరు. దాని మీద మీ అభిప్రాయం?

బొరిగె_బాబాయ్ (యలహంక)

తుంగ మొలక సూదిలా ఉంటుంది కేశవా, ప్లాస్టిక్ షీటుని పొడుచుకుని పైకొస్తుంది. పొలాల్లో మల్చింగ్ షీటుని చీల్చుకుని లేవడం చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. నేసిన వీడ్ మ్యాటు కొంత మెరుగు, నీరు కూడా దిగుతుంది. అయినా అది ఆపేది కింద నుంచి వచ్చేదాన్నే. సందుల్లో కలుపు చాలామటుకు పై నుంచి వస్తుంది. గాలికి కొట్టుకొచ్చిన విత్తనం, పక్షి వేసింది, మాలి చెప్పులకి అంటుకొచ్చింది. సందు పైన అరంగుళం దుమ్ము పేరితే దానికి చాలు.

అందుకే నేను చెప్పే అసలు మందు కొబ్బరి ఈనెల చీపురు. వారానికి రెండుసార్లు ఆ దారిని బరబరా ఊడిస్తే దుమ్ము పేరదు, మొలిచిన రెండాకుల మొలక కూడా చీపురు దెబ్బకి ఊడిపోతుంది. మా ఊళ్ళలో వాకిట్లో బండల మధ్య గడ్డి ఎందుకు ఉండేది కాదంటే, రోజూ ఊడ్చి కళ్ళాపి చల్లి, నలుగురు అటూ ఇటూ నడిచేవాళ్ళు. మనిషి నడవని దారిలోనే గడ్డి ఎక్కువ.

మిట్టు_వాళ్ళ_అమ్మ (బెంగళూరు)

ప్రెషర్ వాషర్‌తో కొడితే సందులు శుభ్రమవుతాయి కదా బాబాయ్ గారూ? మా వీధిలో ఒకాయన ఆదివారం ఆదివారం అదే పని.

సివిల్_సుబ్బు (వైట్‌ఫీల్డ్)

గడ్డితో పాటు సందులో ఇసుక కూడా ఎగిరిపోతుంది. ఖాళీ సందులోకి మళ్ళీ దుమ్ము చేరుతుంది, బండ అంచుకి ఆధారం పోయి ఊగుతుంది. పైగా 2024 మార్చిలో నీళ్ళ కరవుకి కార్లు కడగడానికీ మొక్కలకీ తాగునీళ్ళు వాడితే 5,000 జరిమానా అని జలమండలి ఆదేశమిచ్చిన ఊరు మనది. బ్రష్ కట్టర్ కూడా జాగ్రత్త. నైలాన్ తీగ తగిలి సందులో కంకర రాయి ఎగిరితే కారు అద్దమో కన్నో పోతుంది. కళ్ళకి అద్దాలు, కాళ్ళకి బూట్లు లేకుండా మాలిని ముట్టనివ్వకండి.

బొరిగె_బాబాయ్ (యలహంక)

శారదమ్మా, ఇప్పుడు పని చెప్తాను, రాసుకోండి.

వాన పడిన మర్నాడు మొదలుపెట్టండి, లేదా ముందురోజు సాయంత్రం సందులు నానబెట్టండి. ఎండిన మట్టిలో పీకితే ఏదైనా తెగుతుంది. చేతికి పాత హ్యాక్సా బ్లేడో, చివర ఎల్ ఆకారంలో వంచిన ఇనప చువ్వో ఉండాలి. ఊళ్ళో అయితే బొరిగె, ఈ సన్న సందుల్లో అది తిరగదు. బండ కదులుతుంటే ముందు గునపంతో కాస్త లేపి చూసి, తర్వాతే చెయ్యి పెట్టండి. తేలూ జెర్రీ ఉండేది వదులు బండ కింద చల్లటి చోటే.

గరికని మధ్యలో పట్టి లాగొద్దు. తీగ కొస ఎక్కడుందో చూసి, అక్కణ్ణుంచి కణుపు కణుపూ విడిపిస్తూ మొదటి దాకా రండి. బండ కిందికి దూరిపోయిన చోట కత్తిరించి వదిలేయండి. అక్కడ వెలుతురు లేదు, పైకి వచ్చినప్పుడు పట్టుకోవచ్చు.

తుంగని ఒక్కసారిలో వదిలించుకోవడం ఎవరివల్లా కాదు. అర అడుగు మట్టి తీయగలిగిన చోట తీసి జల్లెడ పట్టండి. తీయలేని చోట, మొలక మూడు నాలుగు ఆకులు వేయకముందే లాగుతూ ఉండండి. కొత్త ఆకు వేసిన ప్రతిసారీ గడ్డలో దాచుకున్న బలం ఖర్చవుతుంది, ఆకు ముదిరితే ఆ బలం తిరిగి కూడగట్టుకుంటుంది. అందువల్ల నెలకోసారి వచ్చే మాలి దీనికి పనికిరాడు. అత్తయ్యగారు పూలకి వెళ్ళేటప్పుడు చూపే కన్నే పనికొస్తుంది.

పీకినవి కంపోస్టులో వేయకండి. గరిక కణుపు, తుంగ గడ్డ రెండూ అక్కడ హాయిగా బతుకుతాయి. డాబా మీద గచ్చు మీద పరిచి, చేత్తో నలిపితే పొడయ్యేదాకా ఎండబెట్టండి. రైతులు వేసవి దుక్కి లోతుగా దున్ని వదిలేసేది ఈ గడ్డల్ని ఎండకి చంపడానికే.

వైట్‌ఫీల్డ్_విజయ (బెంగళూరు)

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మాది సందులు కాదు, లాన్ మధ్యలో అడుగుకో రాయి. గడ్డి రాళ్ళ మీదికి పాకి రాళ్ళు చిన్నవైపోతున్నాయి, మోవర్ రాళ్ళకి తగిలి బ్లేడు పాడవుతోంది.

నాపరాయి (కేఆర్ పురం)

రాయి పైముఖం లాన్ మట్టికి సమంగానో వేలెడు మందం కిందికో ఉండాలి విజయగారూ, అప్పుడు మోవర్ పైనుంచి వెళ్ళిపోతుంది. రాయి లేపి కింద ఇసుక సర్దండి. అంచుకి పదునైన పాత కత్తితో చుట్టూ గీసి, గడ్డి పెళ్ళని ఊడదీస్తే మళ్ళీ కొన్నాళ్ళు ఆగుతుంది. అడుగుకో రాయి మరీ దగ్గర. ఒక రాయి మధ్య నుంచి ఇంకో రాయి మధ్యకి రెండడుగులు మన నడకకి సరిపోతుంది.

పెరంబూరు_కేశవ (చెన్నై)

అందరూ చంపడం గురించే మాట్లాడుతున్నారు. నేను వేరే దారి చెప్తాను. సందు ఖాళీగా ఉంటే ఏదో ఒకటి వస్తుంది, మనకి నచ్చినదాన్ని మనమే పెట్టేస్తే సరి. మా వెనక రాళ్ళ మధ్య బొక్కెనాకు ఉంది. ఇక్కడ పొడుదలై అంటారు, చుండ్రుకి నూనెలో కాచుకుంటారు. నేలకి అంటుకుని పాకుతుంది, తొక్కినా చావదు, ఉప్పునీటికీ ఓరుస్తుంది. గోరంత సైజు తెల్లపూలు. మాకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరులోనే, అప్పుడు చెలరేగుతుంది, మేలో ఊరికే పడుంటుంది. ఒక్కటే చిక్కు, పూలకి తేనెటీగలు వస్తాయి. చెప్పుల్లేకుండా నడిచే అత్తయ్యగారికి ఇది వద్దు.

టెర్రస్_లలిత (హెచ్ఎస్ఆర్ లేఅవుట్)

నీడ వైపు మోండో గ్రాస్ పెట్టండి శారద గారూ. పొట్టి రకం అడగండి. లాల్‌బాగ్ పక్కన సిద్ధాపుర నర్సరీల్లో ఉంటుంది. పాకదు, కోయక్కర్లేదు, మెల్లగా కుదురు కడుతుంది. కొరియన్ గడ్డికి ఎండ కావాలి, గోడ నీడలో పెడితే పల్చబడి గరికకీ తుంగకీ దారి ఇస్తుంది. మీ దాంట్లో జరిగింది అదేనేమో. మోండో అడిగితే వెడీలియా అంటగడతారు, పసుపు పూలది, తీసుకోకండి. తర్వాత దాని గురించి ఇంకో చర్చ పెట్టాల్సొస్తుంది.

బొరిగె_బాబాయ్ (యలహంక)

లలితమ్మ చెప్పింది నిజం. కానీ తుంగ తగ్గకముందు మోండో పెట్టొద్దు. రెండూ దూరం నుంచి ఒకేలా కనిపిస్తాయి, కలిసిపోయాక మోండో వేళ్ళతో సహా తవ్వితే తప్ప గడ్డ రాదు. ఈ వానాకాలం అంతా సందులు ఖాళీగా ఉంచి మొలిచినదాన్ని మొలిచినట్టు తీయండి. నాటడం ఆ తర్వాత.

సర్జాపూర్_శారద (బెంగళూరు)

చాలా థాంక్స్ అందరికీ. సుబ్బు గారు అడిగినది చూశాం, కింద వట్టి మట్టే. వాలు నేరుగా ఇంకుడుగుంతకే ఉంది. అది చూశాక మావారు సిమెంటు మాట, పక్కింటివాళ్ళు మందు మాట రెండూ ఎత్తట్లేదు.

ఇలా అనుకున్నాం. ఎండ తగిలే ముందు భాగంలో మట్టి నాలుగంగుళాలు తీసి రాతిపొడి. గోడ నీడలో ఉన్న వెనక భాగం ఇప్పటికి ఖాళీ, తుంగ సంగతి తేలాక మోండో. అత్తయ్యగారి గరిక శుభ్రంగా కడిగి వెడల్పాటి మట్టి తొట్టిలోకి మార్చాం, గేటు పక్కన ఎండలో పెట్టాం. "చవితికి దూర్వాయుగ్మానికి ఇది చాలు, మిగతాది మీ ఇష్టం" అన్నారు. తొట్టిలోది పాకి మళ్ళీ సందుల్లోకి రాదా బాబాయ్ గారూ? కడప బండల మీద పాచి సంగతి కూడా మిగిలింది.

బొరిగె_బాబాయ్ (యలహంక)

తొట్టిని నేల మీద పెట్టకండి, ఇటుకల మీద ఎత్తండి. లేకపోతే అడుగు చిల్లు లోంచి వేరు దిగుతుంది, అంచు మీద నుంచి తీగ దూకుతుంది. తీగ అంచు దాటగానే కత్తిరించి పూజకి వాడుకోమనండి.

నాపరాయి (కేఆర్ పురం)

పాచికి బ్లీచింగ్ పౌడరు పోయకక్కా, పక్క మొక్కల మొదట్లోకి పోతుంది. ముందు ఆ కుళాయి కారుతోందేమో చూడు, నీడా తడీ కలిసినచోటే పాచి. గట్టి నైలాన్ బ్రష్‌తో రుద్దితే వస్తుంది. ఆ నాలుగు బండలూ ఒకవైపే పాలిష్ చేసినవైతే, మేస్త్రి వచ్చినప్పుడు తిరగేసి వేయించు. కింది ముఖం గరుకుగా ఉంటుంది, పెద్దావిడ జారరు. సాదరహళ్లి బండలు మాత్రం ఒక్కరే లేపొద్దు. రెండడుగుల చదరం, రెండంగుళాల మందం ఉంటే ఒక్కోటి 50 కిలోల దాకా తూగుతుంది. గునపం, ఇద్దరు మనుషులు, కాలి మీద పడకుండా కింద చెక్క ముక్క.

సివిల్_సుబ్బు (వైట్‌ఫీల్డ్)

రాతిపొడి ఒకేసారి నాలుగంగుళాలూ నింపొద్దు. రెండంగుళాలు పోసి, తడిపి, కర్ర మొద్దుతో దిమ్మిస చేసి, మళ్ళీ రెండంగుళాలు. పైన పావంగుళం తక్కువగా ఆపండి, బండ అంచుకి సమంగా నింపితే మొదటి వానకే బండల మీదికి పారుతుంది. మొదటి రెండు వానల తర్వాత కాస్త కుంగుతుంది, ఒక బస్తా పక్కన ఉంచుకోండి.

హడావిడి_హరి (మారతహళ్లి)

సరే, నేనూ ఒకటి అడుగుతాను. మా పార్కింగులో ఇంటర్‌లాక్ బ్లాకుల మధ్య సన్నటి గడ్డి. సందు పావంగుళం కూడా లేదు, బ్లేడు కూడా దూరదు. మందు వద్దు, మంట వద్దు, ఉప్పు వద్దు. మరి?

బొరిగె_బాబాయ్ (యలహంక)

కార్లు తిరిగే చోట ఉందా, తిరగని చోటా?

హడావిడి_హరి (మారతహళ్లి)

కార్లు నిలిపే చోట లేదు. గోడ వెంట, మోటారు గది దగ్గర ఉంది. అటు ఎవరూ వెళ్ళరు.

బొరిగె_బాబాయ్ (యలహంక)

వాచ్‌మన్‌కి ఇనప తీగల బ్రష్ పొడుగు కర్రకి కట్టి ఇయ్యి. వాన వెలిశాక సందు వెంట రెండుసార్లు లాగమను, వేరు పట్టేది పైనున్న దుమ్ములోనే కాబట్టి వచ్చేస్తుంది. తర్వాత పొడి ఎం శాండ్ చల్లి చీపురుతో సందుల్లోకి ఊడ్పించు. అలాగే మీ స్కూటర్లు నాలుగు ఆ గోడ వెంటే పెట్టించు.